దవడ ఆపరేషన్ తర్వాత నొప్పి కంటే మిగతా ఇబ్బందులే ఎక్కువగా ఉన్నాయి, మీరెలా నెట్టుకొచ్చారు?

లంక కుర్రోడు:

అందరికీ నమస్కారం అండి. నాకు పై దవడ, కింది దవడ రెండింటికీ ఒకేసారి సర్జరీ చేశారు. చిన్నప్పటి నుంచీ కింది దవడ బాగా ముందుకు ఉండేది, ముందు పళ్ళు కలిసేవి కావు, జామకాయ కొరకాలన్నా పక్క పళ్ళతో తంటాలు పడేవాణ్ణి. చాలాకాలం క్లిప్పులు పెట్టి పళ్ళ వరస సర్దాక ఇప్పుడు ఆపరేషన్ చేసి టైటానియం ప్లేట్లు, స్క్రూలు వేశారు. బయట కోత ఏమీ లేదు, అంతా నోటి లోపల నుంచే. ఇంటికొచ్చి వారం కావస్తోంది.

అసలు నేను భయపడిందంతా నొప్పి గురించి. అది మందులతో చాలావరకు ఆగుతోంది. మిగతావే ప్రాణం తీస్తున్నాయి. మొహం బూరెలా ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. ముక్కు రెండు వైపులా దిబ్బడ, పైగా పళ్ళకి రబ్బరు బ్యాండ్లు వేసి నోరు కట్టేశారు కదా, రాత్రి కునుకు పట్టిందో లేదో ఊపిరి ఆడనట్టు అనిపించి ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నా. కింది పెదవి, గడ్డం పూర్తిగా మొద్దుబారిపోయాయి, చొంగ కారుతున్నా నాకు తెలియదు, అమ్మ తువ్వాలుతో తుడిచాకే తెలుస్తుంది. ఇక ఆకలి సంగతి చెప్పక్కర్లేదు. పాలు, కొబ్బరినీళ్ళు, పల్చటి జావ తాగీ తాగీ విసుగొచ్చేసింది, గంటకే మళ్ళీ కడుపు ఖాళీ. నిన్న పక్కింట్లో పులస పులుసు, గిన్నె మా ఇంటికీ పంపారు, నా ముక్కుకి కనీసం వాసన కూడా తగల్లేదు!

ఇంకో టెన్షన్ ఏంటంటే మాది గోదారి మధ్యలో ఉండే లంక ఊరు. ఎగువన వానలు పడుతున్నాయి, గోదారి పెరుగుతోంది అంటున్నారు. కాజ్‌వే మునిగితే మాకు పడవే దిక్కు. అర్ధరాత్రి ఏదైనా అయితే ఏంటి పరిస్థితి అని అమ్మ నిద్రపోవట్లేదు. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరైనా ఉంటే నిద్ర, ముక్కు, తిండి ఎలా చూసుకున్నారో చెప్పండి. రెండు చేతులా ఫోన్ పట్టుకుని మీ సమాధానాల కోసం కూర్చున్నా, మాట్లాడే పని ఎలాగూ లేదు.

కాలవగట్టు (భీమవరం):

తమ్ముడూ, నాకూ రెండు దవడలూ చేశారు. నువ్వు రాసినవాటిలో ఒక్కటి కూడా వింతది లేదు, ముందు అమ్మకి ఆ మాట చెప్పు.

వాపు ఆపరేషన్ అయిన 2, 3 రోజులకి పైకొచ్చేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. 2, 3 వారాల్లో చాలా భాగం పోతుంది, చివర్లో మిగిలే కాస్త మాత్రం నెలల తరబడి వదలదు. పొద్దున లేవగానే ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా కనిపిస్తుంది, అది రాత్రంతా పడుకోవడం వల్ల. మెడ మీదా ఛాతీ మీదా పచ్చగా మచ్చలు దిగితే హడలిపోకు, లోపల కమిలిన రక్తం కిందికి జారుతోందన్నమాట. ఐస్ వల్ల లాభమంతా మొదటి 48 గంటల్లోనే, నీకది దాటిపోయింది. ఇప్పుడు గోరువెచ్చటి కాపడం పెట్టుకోమని మా డాక్టరు చెప్పారు, నువ్వు మీ డాక్టర్ని అడిగి మొదలుపెట్టు. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకో, నీ గడ్డానికి ఇప్పుడు వేడి తెలియదు. కాపడం గుడ్డ అయినా, తాగే జావ అయినా ముందు మణికట్టు మీద చూసుకోవాలి, లేదా అమ్మ చూడాలి. తెలియకుండా బొబ్బలెక్కుతుంది.

నిద్ర గురించి. మంచం మీద దిండ్లు పేర్చుకుంటే అర్ధరాత్రికి అవి జారిపోతాయి, తల కిందికెళ్తుంది, మెడ పట్టేస్తుంది. మా తాతగారి పడక్కుర్చీ అటక మీద ఉంటే దింపించాను. పాత గుడ్డ చిరిగిపోతే కొత్త మందపాటి గుడ్డ కుట్టించాం. అందులో వెనక్కి వాలి, మెడ కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టుకుని, చేతుల కింద చెరో దిండు పెట్టుకుంటే పక్కకి దొర్లే భయం లేదు. తల 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలంటారు, పడక్కుర్చీలో అది దానంతట అదే కుదురుతుంది. మీ ఊళ్ళో ఎవరింట్లోనో ఒకటి ఉండే ఉంటుంది, అడిగి తెచ్చుకో.

ఊపిరి ఆడట్లేదన్న భయం మాత్రం నిజంగా చెడ్డది, నాకు ఆపరేషన్ మొత్తం మీద గుర్తుండిపోయింది అదే. నేను చేసిన పని చెప్తాను. పగలు మెలకువగా ఉన్నప్పుడు అద్దం ముందు కూర్చుని, పెదాలు మాత్రం విప్పి, పళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా గాలి పీల్చి వదలడం అలవాటు చేసుకున్నాను. పళ్ళు కలిసే ఉన్నా వాటి మధ్య నుంచీ, చివరి దంతాల వెనక నుంచీ గాలి బాగానే వస్తుంది. పట్టపగలు అది కళ్ళారా చూసుకున్నాక రాత్రి గుండె దడ తగ్గింది. టేబుల్ ఫ్యాన్ నేరుగా మొహానికి పెట్టుకోకు, పెదాలు ఎండి పగిలిపోతాయి. వాజిలిన్ పక్కనే ఉంచుకో, గంటకోసారి రాసినా తప్పులేదు.

ముక్కు ఎందుకు బిగిసిందంటే, పై దవడ కోసేటప్పుడు ముక్కు అడుగు భాగం, బుగ్గల వెనకుండే సైనస్ గోడలు కూడా కదులుతాయి. ఆ రక్తం లోపల గడ్డకట్టి, నల్లగా కొద్దికొద్దిగా కొన్నాళ్ళపాటు వస్తూనే ఉంటుంది. ఎంత చిరాకుగా ఉన్నా చీదకూడదు, మీ డాక్టరు సరే అనేదాకా అస్సలు చీదకు. తుమ్ము వస్తే ముక్కు మూసి ఆపుకోవద్దు, పెదాలు తెరిచి నోటి వైపు నుంచి వదిలెయ్. సెలైన్ చుక్కలు వేసుకుని కాసేపాగితే అట్టలు మెత్తబడి కిందికి జారతాయి, అప్పుడు పైపైన దూదితో తుడుచుకోవడమే.

మాట్లాడటం గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తున్నా. ఫోన్లో టైప్ చేసి చూపిస్తే మా నానమ్మకి కళ్ళజోడు వెతుక్కునేసరికే తెల్లారేది. అందుకని పిల్లల పలక, బలపం తెప్పించుకున్నా. పెద్ద అక్షరాలతో "నీళ్ళు", "మందు", "తర్వాత రండి" అని. మూడోది బాగా పనికొచ్చింది.

మండపేట పిన్ని:

బాబూ, మా అబ్బాయికి నీలాంటి ఆపరేషన్ కాదు, బండి మీంచి పడి కింది దవడ విరిగింది. పళ్ళ వెంట ఆర్చ్ బార్లు అని కమ్మీలు వేసి, పైవీ కిందవీ తీగలతో బిగించేశారు, వారాల తరబడి నోరు తెరవడానికే లేదు. కాబట్టి తిండి విషయంలో నాకు కొంచెం అనుభవం ఉంది, మిగతాది నాకు తెలియదు.

కొబ్బరినీళ్ళు మంచివే గానీ అవి నీళ్ళే, వాటితో కడుపు నిండదు. గంటకే ఆకలేస్తోందంటే నువ్వు తాగేవాటిలో బలం లేదనే. మందుల షాపులో 50 ఎంఎల్ సిరంజి, దానికి బిగించే మెత్తటి రబ్బరు ట్యూబు దొరుకుతాయి. ట్యూబు కొనని బుగ్గ లోపలి నుంచి చివరి దంతం వెనకున్న సందు దాకా పోనిచ్చి, సిరంజి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నొక్కాలి. నిటారుగా కూర్చునే తాగాలి, వాలి తాగకూడదు. స్ట్రాతో పీల్చవద్దని మాకు గట్టిగా చెప్పారు, లోపల కుట్లు లాగుతాయట. ట్యూబు పెట్టలేకపోతే చిన్న ఉగ్గుగిన్నెతో బుగ్గ పక్క నుంచి పోసుకో, పసిపిల్లలకి పోసినట్టే. మా వాడు రెండు రోజులు సిగ్గుపడ్డాడు, తర్వాత ఆకలి గెలిచింది.

ఏం పోశానంటే. కందిపప్పు బాగా మెత్తగా, పలుకు లేకుండా ఉడికించి, మిక్సీ వేసి, పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టి, అందులో నెయ్యి, చిటికెడు ఇంగువ, ఉప్పు. దీంట్లోనే జారుగా ఉడికిన అన్నం రెండు గరిటెలు కలిపి మళ్ళీ మిక్సీ వేస్తే పూట భోజనం అయిపోతుంది. సొరకాయ, క్యారెట్, గుమ్మడికాయ ఏవైనా అందులో ఉడికించేయొచ్చు. రాగిజావ నీళ్ళతో కాకుండా పాలతో కాచి బెల్లం వెయ్యి, మధ్యాహ్నమైతే మజ్జిగ కలుపు. పండిన చక్రకేళి పాలతో మిక్సీ వేసి వడకడితే రావులపాలెం అరటిపళ్ళకి అంతకంటే మంచి గతి ఏముంటుంది. ఉడికించిన గుడ్డు కూడా మిక్సీలో పాలూ మిరియాల పొడీతో కొడితే నున్నగా అయిపోతుంది, వినడానికి బాగోదు గానీ తాగాక బాగానే ఉందన్నాడు.

కోడి సూప్ అని చెప్పి అందరూ మసాలా నీళ్ళు పోస్తారు. ముక్కలు తీసి పారేసి ఆ నీళ్ళు తాగితే వచ్చే బలం ఎంత? ఎముక లేని ముక్క మెత్తగా ఉడికించి, ఆ ముక్కతో సహా మిక్సీ వేసి వడకట్టాలి. చేప మాత్రం వద్దు, ఎంత వడకట్టినా ముల్లు భయం, అందులోనూ పులస అంటే ముళ్ళ పుట్ట. వచ్చే ఏడాది వరదకి తిందువుగాని. కారం, చింతపండు పులుపు కొన్నాళ్ళు పక్కన పెట్టు, కుట్లకి తగిలితే కళ్ళంట నీళ్ళొస్తాయి. కారం లేకపోతే గోదారోళ్ళకి అన్నం దిగదని నాకూ తెలుసు, వెల్లుల్లి నేతిలో వేయించి ఆ నెయ్యి పప్పుకట్టులో వెయ్యి, కాస్త ప్రాణం లేచొస్తుంది.

మూడు పూటలా అని కాకుండా 2 గంటలకోసారి కొంచెం కొంచెం పట్టించాలి. నీళ్ళు సరిపోతున్నాయో లేదో ఒంటేలు రంగు చూస్తే తెలుస్తుంది, ముదురు పసుపులో ఉంటే తక్కువైనట్టే. బరువు కొన్ని కేజీలు తగ్గుతావు, అది మామూలే, తర్వాత వచ్చేస్తుంది. విరేచనం బిగుసుకుపోతుంది, పీచు లేని తిండి, పైగా నొప్పి మాత్రలు. బాగా పండిన బొప్పాయి పాలల్లో కలిపి వడకట్టి ఇచ్చాను, అయినా కాకపోతే డాక్టర్ని అడిగితే సిరప్ రాస్తారు, మొహమాటపడకు.

తాగిన ప్రతిసారీ నోట్లో మామూలు నీళ్ళు పోసి కడగాలి, లేకపోతే పాల వాసన, పాచి. పసిపిల్లల బ్రష్ కొనుక్కో, చిన్న తల ఉంటుంది, బయటి వైపు నుంచి మెల్లగా తోముకోవచ్చు.

సిస్టర్, కాకినాడ:

స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నా, నోటి సర్జరీ వార్డులో కొంతకాలం చేశాను. పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. నేను మందుల గురించి, ప్రమాదం గురించి మాత్రం రాస్తాను. మీ డాక్టరు రాసిన కాగితమే అన్నిటికంటే ముందు, నేను రాసేది దాని తర్వాతే.

నొప్పి మందు నొప్పి వచ్చాక కాకుండా టైము ప్రకారం వేసుకోండి, ముఖ్యంగా మొదటి వారం. బాగా పెరిగాక అణచడం కష్టం. కానీ ఒక జాగ్రత్త. చాలా మాత్రల్లో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. ఎసిక్లోఫెనాక్ కలిపినదాంట్లో, ట్రమడాల్ కలిపినదాంట్లో సాధారణంగా 325 మిల్లీగ్రాములు ఉంటుంది. అది వేసుకుంటూ, జ్వరంగా ఉందని విడిగా డోలో 650 (అదీ పారాసిటమాలే) కూడా వేసేస్తారు ఇళ్ళలో. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, ఒళ్ళు బాగా తక్కువ ఉన్నవాళ్ళకి, లివర్ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువే. స్ట్రిప్పు వెనక చదివి లెక్కేసుకోండి. మాత్ర మింగలేకపోతే అన్నీ పొడి చేసి నీళ్ళలో కలపకండి, కొన్నిటికి కడుపులో కాకుండా పేగుల్లో కరిగేలా పైపూత ఉంటుంది, పొడి చేస్తే పాడవుతాయి. సిరప్ ఉందా అని అడగండి, చాలావాటికి ఉంటుంది. యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి. మెట్రోనిడజోల్ రాసి ఉంటే నోరు లోహం రుచి వస్తుంది, అది మందు వల్లే. ఆ మందు మీద మందు కొట్టకూడదని విడిగా చెప్పాలా? చుట్టాల్లో ఎవరో ఒకరు "ఒక్క పెగ్గేస్తే నిద్ర పడుతుంది" అంటారు, అందుకే చెప్తున్నా. సిగరెట్టు, చుట్ట, ఖైనీ కూడా గాయం మాననివ్వవు.

క్లోరెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చి ఉంటారు. పేస్టుతో తోముకున్నాక ఒక అరగంట ఆగి వాడండి, వెంటనే వాడితే పేస్టు దాని పని చెడగొడుతుంది. పళ్ళు కాస్త గోధుమ రంగుకి తిరుగుతాయి, తర్వాత క్లీనింగ్‌లో పోతుంది. ముక్కు దిబ్బడకి స్ప్రే ఏదైనా రాసి ఉంటే వాళ్ళు చెప్పినన్ని రోజులే, బాగుందని పొడిగిస్తే ఆపిన వెంటనే ముక్కు ఇంకా బిగుస్తుంది.

ఇప్పుడు అమ్మగారి భయం గురించి. రబ్బరు బ్యాండ్లు కోయడానికి చిన్న కత్తెర మెళ్ళో తాడుకి కట్టుకుని ఉంచండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఎలా కోయాలో తెలిసుండాలి. తీగలు బిగించినవాళ్ళయితే వైర్ కట్టర్ ఎప్పుడూ వెంటే ఉండాలి, ఏ తీగలు కోయాలో ఆసుపత్రిలోనే చూపించమని అడగాలి. వాంతి వచ్చేలా ఉంటే తల ముందుకు వంచి, బుగ్గలు వేళ్ళతో బయటికి లాగండి. తాగేదంతా పల్చటిదే కాబట్టి చాలావరకు పళ్ళ సందుల్లోంచి వచ్చేస్తుంది. ఆగకుండా ఉక్కిరిబిక్కిరి అయితేనే కోయడం.

వెంటనే వెళ్ళాల్సినవి ఇవి: ఎర్రటి రక్తం ఆగకుండా కారడం, గాలి పీల్చడం నిజంగా కష్టమవడం, తగ్గిన వాపు మళ్ళీ ఒకవైపు పెరగడం, 101 దాటిన జ్వరం, నోట్లో చీము రుచి, పళ్ళు కలిసే తీరు హఠాత్తుగా మారడం, పిక్కలో వాపుతో నొప్పి లేదా ఛాతీలో నొప్పి.

మీది లంక అంటున్నారు కాబట్టి నా మాట వినండి, కాజ్‌వే మునిగేదాకా చూడకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక పెట్టారని వినగానే ఇవతల గట్టున ఏ పిన్ని ఇంటికో, మేనత్త ఇంటికో మారిపోండి, ఆసుపత్రికి దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. ఆ హెచ్చరిక తర్వాత నీళ్ళు మీ దాకా రావడానికి కొంత టైము ఉంటుంది. మందులు, ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు ప్లాస్టిక్ కవర్లో కట్టి సిద్ధంగా పెట్టుకోండి. కారులో వెళ్తే గుంతల దగ్గర దవడ కింద మడత పెట్టిన తువ్వాలు అడ్డం పెట్టుకుని పట్టుకోండి, ఆటో వద్దు.

రాజోలు బాబాయ్:

ఇన్ని మందులెందుకు బాబూ. మా వైపు ఎముక విరిగితే పసరు కట్టు కట్టే ఆయన ఉన్నాడు, చేతులూ కాళ్ళూ ఎన్నో బాగయ్యాయి. వాపుకి కళ్ళుప్పు వేయించి మూట కట్టి కాపడం పెడితే ఒక్క రాత్రిలో దిగుతుంది. మా చిన్నప్పుడు ఇవే.

సిస్టర్, కాకినాడ:

బాబాయ్ గారూ, మీరు అభిమానంతో చెప్పారు, కాదనను. కానీ ఇక్కడ ఎముక లోపల ప్లేట్లతో బిగించి ఉంది, బయటి నుంచి కట్టు బిగిస్తే వాపు మీద ఒత్తిడి తప్ప ఒరిగేదేమీ లేదు. వేయించిన ఉప్పు మూట అయితే అసలే వద్దు. ఆ అబ్బాయి గడ్డానికి స్పర్శ లేదు, చర్మం కాలినా తెలియదు. కాలిన గడ్డాలు నేను వార్డులో చూశాను.

రాజోలు బాబాయ్:

స్పర్శ లేదన్న సంగతి గమనించలేదమ్మా. అయితే వద్దులే. కొబ్బరిబోండాలు కావాలంటే చెప్పు బాబూ, మా తోటవి పంపిస్తాను, పాడవ్వవు.

లంక కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఆయ్. పడక్కుర్చీ మా ఎదురింటి మాస్టారి దగ్గర దొరికింది. పప్పుకట్టులో నేతి వెల్లుల్లి వేసి అమ్మ ఇచ్చింది, పిన్ని గారూ, మీకు దణ్ణం. పాలకొల్లులో మేనమామ ఇంటికి ఎల్లుండి మారిపోతున్నాం, సిస్టర్ గారు రాసింది చదివి నాన్న వెంటనే ఒప్పుకున్నారు.

ఇంకొకటి అడగాలి, కాస్త సిగ్గుగా ఉంది. ఊరికే ఏడుపొస్తోంది. ఏమీ జరగదు, కిటికీలోంచి చూస్తూ ఉంటాను, కళ్ళంట నీళ్ళు. అనవసరంగా చేయించుకున్నానేమో, ఈ మొహం నాది కాదేమో అనిపిస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా "బంగారంలాంటి పిల్లోడు, ఉన్న మొహాన్ని ఎందుకురా పాడుచేసుకున్నావు" అంటున్నారు. ఇది కూడా మామూలేనా? ఈ మొద్దు ఎప్పటికి పోతుంది? అన్నం ఎప్పుడు నమలొచ్చు?

కాలవగట్టు (భీమవరం):

మామూలే తమ్ముడూ, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మత్తుమందు ప్రభావం, వాపుకి ఇచ్చిన స్టిరాయిడ్ ఆపేయడం, సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు, మాట్లాడటానికి లేదు. ఇవన్నీ ఒకేసారి మీద పడితే ఎవరికైనా ఏడుపొస్తుంది. మొదటి రెండు మూడు వారాల్లో చాలామందికి ఉంటుందని మా డాక్టరు ముందే చెప్పారు, చేయించుకున్నందుకు బాధపడే రోజులు కూడా వస్తాయన్నారు. వచ్చాయి, పోయాయి. నీకు వారాలు గడిచినా తగ్గకపోయినా, బతకాలని లేదన్నంత దాకా పోయినా మాత్రం దాచుకోకుండా ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఇప్పుడు అద్దంలో కనిపిస్తున్నది వాపు. దాన్ని చూసి నచ్చిందా లేదా అని తేల్చుకోకు. రోజూ చూసుకుంటే తేడా తెలియదు, వారానికోసారి అదే చోట, అదే వెలుతురులో ఫొటో తీసుకో. చుట్టాల సంగతికి మా అమ్మ మంచి ఉపాయం చేసింది, వచ్చినవాళ్ళని అరుగు మీదే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "డాక్టరు ఇన్‌ఫెక్షన్ అని ఎవర్నీ రానివ్వద్దన్నారు" అని పంపించేసేది. అబద్ధం కూడా కాదు పూర్తిగా.

మొద్దు గురించి: కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం కింది దవడ ఎముక లోపల నుంచే పోతుంది, ఎముక కోసే చోటు దాని పక్కనే. అది నలుగుతుంది, కాబట్టి తేరుకోవడానికి వారాల నుంచి నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపించడం మొదలైతే సంతోషించు, నరం పని మొదలుపెట్టిందన్నమాట. కొందరికి కొంచెం మేర అలాగే ఉండిపోవచ్చు, ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పే ఉంటారు. నాకు గడ్డం మీద ఎడమవైపు ఒక గోరంత చోటు ఇప్పటికీ మొద్దే. కాఫీ తాగేటప్పుడు అలవాటుగా వేలితో తుడుచుకుంటాను, అంతే, ఇంకెప్పుడూ గుర్తురాదు. గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం చూసుకో, బ్లేడు తెగినా తెలియదు.

నమలడం: ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు అంటారు. దానికి ముందే మెత్తటివి మొదలుపెట్టమని కొందరు డాక్టర్లు చెప్తారు, అది వాళ్ళు ఎక్స్‌రే చూసి, నీ పళ్ళు కలిసే తీరు చూసి చెప్పాల్సిన మాట. నాకు మొదట సాంబారులో నాని చిదిమితే చిదిమే ఇడ్లీ, తర్వాత మెత్తటి పెరుగన్నం. బ్యాండ్లు తీసిన రోజు నోరు మొత్తం తెరుచుకుంటుందని ఆశపడకు, చిన్న చెంచా కూడా పట్టదు. రోజూ వ్యాయామాలు చేయిస్తారు, ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పెంచుకుంటూ. చెప్పకముందే సొంతంగా మాత్రం మొదలెట్టకు.

తణుకు:

నేను ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. నాకు దసరా తర్వాత సర్జరీ డేట్ ఇచ్చారు. ముందే కొని పెట్టుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

మండపేట పిన్ని:

మంచి మిక్సీ ఉందో లేదో ముందు చూసుకోమ్మా, జార్ రబ్బరు వాషర్ పాతదైతే మార్పించు, రోజుకి ఆరేడుసార్లు తిరుగుతుంది అది. సిరంజిలు రెండు మూడు కొను, రబ్బరు బిగిసిపోయి మధ్యలో నొక్కుకుపోతాయి. ముందు బొత్తాలుండే చొక్కాలు, నైటీలు తీసి పెట్టుకో, తల మీంచి వేసుకునేవి మొహానికి తగిలి నరకం. పాత మెత్తటి నూలు తువ్వాళ్ళు ఎన్ని ఉంటే అన్ని. క్లిప్పుల డాక్టరు దగ్గర మైనం అడిగి తెచ్చుకో, బ్యాండ్లు తగిలించే హుక్కులు బుగ్గ లోపల గీరుకుంటాయి, చిన్న ఉండ చేసి హుక్కు మీద అద్దుకుంటే గీరుకోదు.